కొమ్ము తప్పిన పిల్లులు

నాకు పిల్లులంటే ఇష్టం లేదు. ముందే చెప్పేస్తే మంచిది. ఈ మధ్య మా గల్లీలో నన్ను 'పిల్లుల అవ్వ' అంటున్నారు. దారిన పోయేవాళ్లు కూడా ఆగి మీ పిల్లులు బాగున్నాయా అని అడుగుతున్నారు. అవి నావి కావు. బర్రెలున్న ఇంట్లో పుట్టి, బర్రెలున్న ఇంటికే కోడలిగా వచ్చినదాన్ని నేను. మాకు పిల్లి అంటే దొంగ. పాలు పితికి గిన్నె కింద పెట్టి అటు తిరిగితే చాలు, ఇటు మూతి పెట్టేది. చేతికి ఏది దొరికితే అది విసిరేదాన్ని. ఎక్కువసార్లు కాలి చెప్పే దొరికేది.

మా ఇల్లు నానక్‌రామ్‌గూడ పాత ఊళ్లో ఉంది. మా బర్రెలు మేసిన గుట్టల మీద ఇప్పుడు అద్దాల బిల్డింగులు లేచాయి. సాయంత్రం ఎండ ఆ అద్దాలకు తగిలి వెనక్కి మళ్లి మా వాకిట్లో పడుతుంది. పడమటి పొద్దు మాకు తూర్పు దిక్కు నుంచి వస్తుందన్నమాట. కొత్తగా వచ్చినవాళ్లు ఫోన్లు తీసి ఫొటోలు పట్టుకుంటారు. నేను మిరపకాయలు ఎండబెట్టుకుంటాను.

మేతకు జాగా లేకుండా పోయాక బర్రెలను అమ్మేశాం. కొట్టం మిగిలింది. మా ఆయన పోయిన తర్వాత పైన గదులు కిరాయికిచ్చి, కొట్టంలో బండ్లు కట్టేసుకోనిస్తున్నాను. బండ్లను నిలుపుతారు గానీ కట్టెయ్యరని నాకూ తెలుసు. నోటికి అదే వస్తుంది. కుడితి పోసే రాతిగోలెం ఇంకా ఆ మూలనే ఉంది. దాన్ని కదిలించేంత బలం ఎవరికీ లేదు.

అక్షరాలు నాకు బర్రెలు పోయిన తర్వాతే వచ్చాయి. మహిళా సంఘంలో వేలిముద్ర వేసిన ప్రతిసారీ ఆ సిరా తుడుచుకోవడానికి గోడ వెతుక్కోవాలి. అది నాకు చిరాకు. చదువు మీద మోజుతో కాదు, ఆ చిరాకుతోనే వెళ్లి పలక ముందు కూర్చున్నాను. నేర్పిన పంతులమ్మ నాకంటే చాలా చిన్నది. గుణింతాలన్నీ పట్టుబడ్డాయి గానీ కొమ్ము మాత్రం నా చేతిలో నిలవలేదు. 'ల' పక్కన పెడితే 'లు' అవుతుందే, ఆ చిన్న గీత. రాసే తొందరలో ఎక్కడో జారిపోతుంది. పులుసు అని రాయమంటే నేను పలస అని రాసేదాన్ని.

"బర్రెలు కాసినదానివి, కొమ్ములు మర్చిపోతవేందమ్మా?" అనేది పంతులమ్మ.

సంఘమంతా నవ్వేది. నేనూ నవ్వేదాన్ని. ఇది రాస్తున్నప్పుడు కూడా ప్రతి వాక్యం అయ్యాక వెనక్కి వెళ్లి, తప్పిపోయిన కొమ్ములను వెతికి తెచ్చి పెట్టుకుంటున్నాను.

పైన గదికి ఒక అమ్మాయి వచ్చింది. గోదావరి వైపు పిల్ల. ఆ అద్దాల బిల్డింగుల్లో ఒకదాంట్లో కంప్యూటరు పని. సామాను దించేటప్పుడు ఒక ప్లాస్టిక్ బుట్టను మాత్రం ఎవరి చేతికీ ఇవ్వలేదు. దాని మీద తువ్వాలు కప్పి ఉంది. లోపల ఏదో కదిలింది.

"ఏందది బిడ్డా, ఆ బుట్టల?"

"పిల్లండి," అంది భయం భయంగా.

తువ్వాలు లాగబోయాను. "పిల్లనా! ఎవరి పిల్ల? గాలాడకుంట గట్ల మూసిపెట్టినవేంది?"

"అయ్యో, పిల్ల కాదండీ! పిల్లి. పిల్లి... అండి."

వాళ్ల వైపు మాటమాటకూ 'అండి' తగిలిస్తారు. పిల్లికి తగిలించినా, పిల్లకు తగిలించినా చివరికి 'పిల్లండి' అనే వినబడుతుంది. ఆ రోజు కోపంలో నేను దాన్ని పట్టించుకోలేదు.

"గది మనుషులకిచ్చిన. పిల్లులకు గాదు."

"నాలుగు రోజులేనండి ఆంటీ. కాలు విరిగింది. నయమవ్వగానే ఎవరికైనా ఇచ్చేస్తాను."

ఆ పిల్లి వెళ్లిపోయింది. ఇంకోటి వచ్చింది. అదీ నాలుగు రోజులకే. ఆ తర్వాత మరొకటి. ఆ అమ్మాయి నాలుగు రోజులు ఇంతవరకూ అయిపోలేదు.

వానాకాలంలో మోరీ కాలువ పక్కన దొరికిందని ఒక కూనను తెచ్చింది. ఇంకా కళ్లు కూడా సరిగ్గా తెరవలేదు, అరచేతిలో పట్టేంత ఉంది. మరునాడు తనకు ఆఫీసు. చుక్కల మందు పోసే గొట్టం ఒకటి, పాలపొడి డబ్బా ఒకటి పట్టుకొని మెట్లు దిగి నా ముందు నిలబడింది.

"ఆంటీ, కొంచెం చూస్తారా?"

"నాకు పిల్లులంటే పడదని చెప్పిన గద."

"తెలుసండి. అందుకే మిమ్మల్నే అడుగుతున్నా. ఇష్టమున్నవాళ్లయితే ముద్దుకొద్దీ ఎక్కువ పట్టేస్తారు."

నా నోరు మూయించినవాళ్లు మా ఊళ్లో తక్కువ. కూనను ఒళ్లో వేసుకొని గొట్టం నోట్లో పెడితే, ముందు మొండికేసింది. తర్వాత రుచి తగిలి, ముందరి కాళ్లు రెండూ నా వేలు మీద వేసి లాగడం మొదలుపెట్టింది. అంత చిన్న నోటికి అంత చప్పుడు ఎక్కడిదో! సాయంత్రం ఆ అమ్మాయి గేటు తీస్తుండగానే "తాగింది" అన్నాను. తను చెప్పులు కూడా విప్పకుండా లోపలికి పరుగెత్తింది.

ఒక వారం అలాగే గడిచింది. తర్వాత ఒక మధ్యాహ్నం ఒళ్లోనే ఉంది, నిద్రపోతోందని అనుకున్నాను. చీర అంచు కప్పి, కదలకుండా చాలాసేపు కూర్చున్నాను. పాల వేళ అయిందని లేపితే లేవలేదు.

ఆ అమ్మాయి మెట్ల మీదే కూలబడి ఏడ్చింది. అన్నం తినలేదు. నాకు ఓదార్చడం రాదు. నాకు వచ్చింది ఒకటే.

"మా ఇంట్ల దూడలు పోయినయి. మనుషులు పోయిండ్రు. ఇదెంతనే?"

ముక్కు తుడుచుకొని నా వైపు చూసింది. "ఏడవడానికి కొలతలు ఎందుకండీ?"

బొప్పాయి చెట్టు మొదట్లో గుంత తీశాను, తను పూడ్చింది. మరునాడు ఆ గొట్టాన్ని వేడినీళ్లతో కడిగి ఎండలో పెట్టాను. పాలు పట్టడానికి కూన లేదు కదా, మరి ఎందుకు కడిగానో.

అన్నీ అలా కాలేదు. బాచుపల్లిలో ఒక ఇంటివాళ్లు పిల్లిని పెంచుకుంటామంటే ఇద్దరం కలిసి వెళ్లి ఇచ్చి వచ్చాం. ఆ ఇంటి పాప దాన్ని ఎత్తుకున్న తీరు చూసి మా పైగది అమ్మాయి మొహం వెలిగిపోయింది. తిరిగి వస్తూ ఆటోలో ఆపకుండా మాట్లాడింది. నాకు బర్రెను కట్టే పలుపు గుర్తొచ్చింది. బర్రెను అమ్మితే పలుపు ఇవ్వరు మా వైపు. బర్రె పోతుంది, ఉత్త పలుపు చేతిలో పట్టుకొని ఇంటికి రావాలి. బర్రెను అమ్మిన ప్రతిసారీ మా ఆయన ఆ పలుపును మడిచి చంకలో పెట్టుకొని, ఎవరితోనూ మాట్లాడకుండా వచ్చేవాడు. ఆ రోజు నా ఒళ్లో ఖాళీ బుట్ట ఉంది. మంచి ఇంటికి ఇచ్చినా పలుపు పలుపే.

బూడిదరంగు పిల్లి ఒకటి మాత్రం ఎవరి బుట్టలోకీ రాలేదు. మనిషి చేయి చాపితే ఉమ్మేసి గోడెక్కేది. కాన్పు మాత్రం మా కొట్టంలోనే, ఆ గోలెం వెనకే. కన్నవాటిని కన్నట్టు బండ్లు మింగేవి. చలికి వేడిగా ఉంటుందని కూనలు టైర్ల మీదికి ఎక్కి పడుకుంటాయి. పొద్దున తాళం తిప్పగానే అయిపోతుంది. దాని పిల్ల ఒక్కటైనా పెద్దదై ఈ గల్లీలో తిరగడం నేను చూడలేదు. పిల్లలు పోయిన ప్రతిసారీ గోలెం చుట్టూ తిరిగి అరిచేది. నేను రేడియో గట్టిగా పెట్టుకునేదాన్ని.

నిరుడు చలికాలంలో మళ్లీ ఈనింది. ఒకదాన్ని కుక్క ఎత్తుకుపోయింది. ఇంకొకటి మా కొట్టంలో ఉండే క్యాబ్ కింద పడింది. ముక్కు మీద తెల్లమచ్చ ఉన్నది ఒక్కటే మిగిలింది. దాన్నైనా బతికించాలని ఆ అమ్మాయి పట్టుబట్టింది. నాకూ అదే పట్టుకుంది.

క్యాబ్ నడిపే ఆయనది పాలమూరు వైపు. పెళ్లాం పిల్లలు ఊళ్లో, ఆయన ఇక్కడ. కూన పడిన పొద్దున, టైరు కింద చూసి తలపట్టుకొని నిలబడ్డాడు. ఈ అమ్మాయి పైనుంచి దిగి మీద పడింది.

"చూసుకోవద్దాండీ? బండి తీసేముందు ఒక్కసారి వంగితే నడుం విరిగిపోతుందా?"

"నేను కావాలని చేసిన్నా మేడం? సందుల పండుకుంటే నాకెట్ల కనవడతది?"

"రోజూ ఉంటున్నాయని తెలుసుగా!"

"పొద్దున్నే పికప్పు ఉంటది. ఫోను మోగుతనే ఉంటది. యాదికుండాలె గద?"

ఆ తర్వాత ఆయన బకెట్టు అడిగి తీసుకొని ఆ టైరును కడిగాడు. కడిగిందే కడిగాడు. చివరికి నేనే వెళ్లి బకెట్టు లాక్కున్నాను.

"అందరికీ కనిపించేలా నోటీసు ప్రింటు తీసి అంటిస్తాను," అంది అమ్మాయి.

"ఇంగ్లీషులనా?" అన్నాడాయన. "అయితే పిల్లులే చదువుకోవాలె ఇగ."

"నేను రాస్త," అన్నాను. ఇద్దరూ నా వైపు చూశారు.

గడపలకు పూసే జాజు ఇంట్లో ఉంది. నీళ్లలో కలిపి, కొబ్బరిపీచు కుంచెతో, కొట్టం ఎదుటి సున్నపు గోడ మీద నా నిలువెత్తున రాశాను: 'బండి కింద పిల్లులు. జర చూసి తీయాలె.' పిల్లులు ఉన్నయి అని రాద్దామనుకున్నాను గానీ, కరెంటు మీటరు డబ్బా అడ్డం వచ్చింది. ఎర్రటి అక్షరాలు ఎండకు ఆరుతుంటే దూరం వెళ్లి ఒకసారి, దగ్గరికి వచ్చి ఒకసారి చదువుకున్నాను. పలక మీద రాసింది తుడిచేస్తారు. సంఘం పుస్తకంలో చేసిన సంతకం మూసేస్తారు. గోడ మీద, నలుగురూ చదివేలా రాయడం నాకు అదే మొదలు.

మరునాడు చీకటితోనే ఆ అమ్మాయి, ఇంటి నుంచి పని చేసుకోవచ్చన్నారని వాళ్ల ఊరికి వెళ్లింది. వెళ్తూ వెళ్తూ తెల్లమచ్చదాని బాధ్యత నాకు అప్పజెప్పింది.

గోడ పనిచేసింది. అంతలా పనిచేస్తుందని నేను అనుకోలేదు. క్యాబాయన పొద్దున్నే ఫోను లైటు వేసి నేల మీద మోకాళ్లు ఆనించి చూసేవాడు. ఆయనకు సంగతి తెలుసు, అది వేరు. ఏమీ తెలియనివాళ్లు కూడా! పార్సిళ్లు తెచ్చే కుర్రాళ్లు స్కూటరు దిగి, నెట్టుకుంటూ మెల్లగా వెళ్లేవారు. ఎవరో దారిన పోయే ఆమె ఆగి చదివి, "మంచి పని చేసిండ్రమ్మా, మా గల్లీల గూడ రాయాలె" అంది. పిల్లుల మీద జనానికి ఇంత దయ ఉందని ఇన్నేళ్లూ నాకే తెలియలేదేమో అనుకున్నాను.

నీళ్ల ట్యాంకరు మా గల్లీకి వెనక్కి వెనక్కి వస్తుంది, మా కొట్టం పక్కనే ఆగుతుంది. దాన్ని నడిపే ఆయన పెద్ద గొంతువాడు, ఎప్పుడూ తొందర. గోడ చదివి, బండి ఆపి దిగాడు.

"అవ్వా, పిల్లలేడ ఉన్నరు? జర పక్కకు పిలువు, బండి ఎనుకకు తీయాలె."

పిల్లి కన్నవాటిని కూడా పిల్లలనే కదా అంటాం. 'ఉన్నరు' అన్నాడే అని కూడా నాకు తట్టలేదు.

"గోలెం కాడ తల్లి పాలిస్తున్నది. జర ఆగు," అన్నాను.

ఆ మనిషి చటుక్కున ఇంజను బందు చేశాడు. అటు తిరిగి, గోడకు మొహం పెట్టి, చేతులు కట్టుకొని నిలబడ్డాడు.

"ఫికర్ లేదవ్వా. నిమ్మళంగ కానియ్యమను," అన్నాడు వెనక్కి తిరగకుండానే.

పిల్లి పాలిస్తుంటే కూడా ఇంత మర్యాదా! ఆయన మీద నాకు గౌరవం కలిగింది. అప్పటినుంచి వచ్చినప్పుడల్లా ఒక చెంబు మజ్జిగ ఇచ్చేదాన్ని. తెల్లమచ్చది పెరిగింది. తల్లి తోకతో ఆడింది. నా కాలి వేళ్లను కొరకడం కూడా నేర్చుకుంది. మిగతావాటి కంటే ఎక్కువ కాలం బతికింది. దాన్ని చూసినప్పుడల్లా ఒక సంతోషం, వెంటనే ఒక భయం. రెండూ ఒకేసారి ఉంటాయని ఈ వయసులో తెలిసింది.

ఊరి నుంచి వచ్చిన అమ్మాయి బ్యాగు భుజానే ఉంచుకొని గోడ ముందు ఆగింది. పెదాలు కదిలాయి. ఇంకోసారి చదివింది. తర్వాత నవ్వడం మొదలుపెట్టి, నిలబడలేక మెట్టు మీద కూర్చుంది.

"ఏంది? ఏమైంది?"

"ఆంటీ... పిల్లులు కాదండీ. పిల్లలు! 'బండి కింద పిల్లలు' అని రాశారు!"

వెళ్లి చూశాను. పిల్లులు అనే మాటకు రెండు కొమ్ములు ఉండాలి. చివరిది పెట్టాను. నడిమిది లేదు. ఒంటికొమ్ము బర్రెలా నిలబడి ఉంది ఆ మాట.

"కనీసం 'ఉన్నాయి' అని రాసినా జంతువులని అర్థమయ్యేదండీ."

"మీటరు డబ్బా అడ్డమొచ్చింది," అన్నాను. అంతలోనే ట్యాంకరాయన గోడకు మొహం పెట్టి నిలబడడం గుర్తొచ్చింది. ఆ ముచ్చట చెప్పకుండా ఉండాల్సింది. చెప్పాను. ఆ అమ్మాయి కళ్ల వెంట నీళ్లు వచ్చేదాకా నవ్వింది. నాకు మాత్రం చెవులు వేడెక్కాయి. జనానికి పిల్లుల మీద దయ ఉందనుకున్నాను. ఉన్నది పిల్లల మీద.

జాజు డబ్బా తెచ్చాను.

"వద్దాంటీ, అలాగే ఉండనివ్వండి. పని జరుగుతోంది కదా!"

"నా చేతితోని రాసిన అబద్ధం గోడెక్కి కూసుండద్దు."

నిజం చెప్పాలంటే అబద్ధం సంగతి కంటే, ముసలిదానికి రాయడం రాదని నలుగురూ అనుకుంటారన్న ఉక్రోషమే ఎక్కువ. రెండు అక్షరాల మధ్య జాగా లేకపోయినా ఇరికించి, దిట్టంగా పెట్టాను కొమ్ము. పంతులమ్మ చూసి ఉంటే సంతోషించేది.

తర్వాత వచ్చినప్పుడు ట్యాంకరాయన గోడ చూసి నోరు తెరిచాడు.

"పిల్లులా? ఓ అవ్వా! ఇన్ని దినాలు నేను పిల్లి కోసమా గోడకు మొకం పెట్టి నిలవడ్డది?"

"నిన్ను నేను నిలవడుమన్ననా?"

"పాలిస్తున్నదంటివి గద!"

"ఇస్తలేదా మరి?"

ఆయనా నవ్వాడు, మజ్జిగ కూడా తాగాడు. కానీ ఆ రోజు నుంచి దిగలేదు. హారను కొట్టి వెనక్కి తీసుకునేవాడు. పార్సిళ్ల కుర్రాళ్లు కూడా మామూలుగా తోలుకుపోసాగారు. ఎవరినీ తప్పుపట్టలేను. నేను చెప్పులు విసిరినదాన్ని.

ఒక పొద్దున నేను వాకిలి ఊడుస్తుంటే తల్లి అరుపు వినబడింది. తెల్లమచ్చది గోలెం వెనక లేదు. బొప్పాయి కింద లేదు. క్యాబ్ నిలిపే చోట నేల మీద నూనె మరక ఒకటే ఉంది. ఆ పిల్లి మరకను వాసన చూస్తుంది, అరుస్తుంది, మళ్లీ వాసన చూస్తుంది. నేల మీద రక్తం లేదు. అంటే బండి లోపలెక్కడో దూరి, బండితో పాటే వెళ్లిపోయిందన్నమాట.

అమ్మాయి క్యాబాయనకు ఫోను మీద ఫోను చేసింది. బండి నడుపుతున్నాడేమో, ఎత్తలేదు. ఆయన పొద్దున ఎవరిని ఏ ఆఫీసులో దించుతాడో తనకు తెలుసు. షేర్ ఆటో ఎక్కాం. తను కుడి వైపు చూస్తోంది, నేను ఎడమ వైపు. రోడ్డు మీద నల్లగా ఏది కనిపించినా ఆటోలోంచి సగం బయటికి వంగేదాన్ని. ఒకటి చెప్పు. ఒకటి టైరు ముక్క. ఒకటి ఎవరిదో చేతిరుమాలు. రేడియో పెట్టుకుని ఇంట్లో కూర్చోగలిగిన రోజులే బాగుండేవనిపించింది.

ఆటోలో ఉండగానే క్యాబాయన ఫోను వచ్చింది. ఆఫీసు గేటు దగ్గర, బండ్ల కింద ఏమైనా ఉందేమోనని సెక్యూరిటీవాళ్లు కర్రకు కట్టిన అద్దం పెట్టి చూస్తారు. ఆ అద్దంలో రెండు కళ్లు కనిపించాయట.

మేం వెళ్లేసరికి గేటు ముందు బండ్ల వరుస ఎంత దూరం ఉందో చెప్పలేను. ఒక్క హారను లేదు. అన్నీ బందు చేసి ఉన్నాయి. మెడలో ఆఫీసు కార్డుల పట్టీలు వేసుకున్నవాళ్లు దిగి, వంగి వంగి చూస్తున్నారు. ఒకామె నీళ్ల సీసా పట్టుకొని "బేబీకి ఏమైందండీ, అంబులెన్సుకు చెప్పారా?" అంటోంది. అర్థం కాలేదు నాకు. క్యాబాయన నేల మీద పడుకొని, చక్రం పైన సందులోకి చేయి పెట్టి ఉన్నాడు. పక్కన సెక్యూరిటీ ఆయన అద్దం పట్టుకొని దారి చూపిస్తున్నాడు.

అమ్మాయి తువ్వాలు తీసి పక్కన పడుకుంది. "నాకు వదలండి, మీ చేయి పట్టదు," అంది. ఎంతసేపు పట్టిందో. నూనెతో నల్లబడి, చెవులు వెనక్కి వేసి, వణుకుతూ తువ్వాల్లోకి వచ్చింది తెల్లమచ్చది. మచ్చ కూడా నల్లగానే ఉంది. చూసినవాళ్లలో కొందరు నవ్వారు, కొందరు చప్పట్లు కొట్టారు. ఒకాయన "ఇందుకా ఆపింది?" అని విసుక్కుంటూ వెళ్లి బండెక్కాడు.

క్యాబాయన చొక్కా దులుపుకుంటూ నా దగ్గరికి వచ్చాడు.

"ఏమని ఆపినవు ఇంతమందిని?" అని అడిగాను.

"పిల్ల ఉన్నది, కింద పిల్ల ఉన్నది అని ఒర్లిన అవ్వా." తల దించుకున్నాడు. "పిల్లి అంటే ఆపరు. పొద్దున నేను గూడ ఆపలే గద. వంగబోయిన. గోడ మీద కొమ్ము కనవడ్డది. పిల్లులే గద, బండి సప్పుడుకు అవే ఉరుకుతయిలే అనుకున్న."

ఆయన అది చెప్పకుండా ఉండొచ్చు, చెప్పాడు. నేను అడగలేదు కూడా. టైరు కడిగిన మనిషి, రోజూ మోకాళ్ల మీద వంగి చూసిన మనిషి. ఆయనకే అలా అనిపించిందంటే, ఇక మిగతావాళ్ల సంగతి చెప్పేదేముంది?

ఇంటికి తెచ్చాక అమ్మాయి దానికి నూనె పోయేలా తుడిచి తుడిచి కొట్టంలో వదిలింది. తల్లి దగ్గరికి వచ్చి వాసన చూసి, బుస్సుమని వెనక్కి జరిగింది. తన పిల్లను తనే గుర్తుపట్టలేదు. అంత దూరం నుంచి తెచ్చింది ఇందుకేనా అనిపించింది. కూన మాత్రం కదలకుండా కూర్చొని, సన్నగా ఒక్కసారి అరిచింది. తల్లి చెవి ఇటు తిప్పింది. మళ్లీ వచ్చి చూసింది. తర్వాత మెడ పట్టుకొని గోలెం వెనక్కి లాక్కుపోయి నాకడం మొదలుపెట్టింది. అమ్మాయి నా భుజం మీద తల పెట్టింది. తీసెయ్యమని నేను అనలేదు.

బట్ట తడిపి తెచ్చి, గోడ మీద కొమ్మును రుద్దాను. జాజు అంత తొందరగా పోదు. రుద్దగా రుద్దగా గులాబీరంగు మచ్చగా మిగిలింది.

"ఇప్పుడు మళ్లీ తప్పయిపోయిందండీ," అంది అమ్మాయి వెనక నుంచి.

"ఏం తప్పు? దానికది పిల్లనే గద."

మాట తప్పో ఒప్పో పంతులమ్మకు తెలుస్తుంది. నాకు తెలిసింది వేరు. ఒక మాట చదివి మనిషి వంగుతాడు, దాని పక్కన చిన్న గీత పెడితే వంగడు. బండి కింద ఉండేది మాత్రం రెండుసార్లూ అదే. సరిగ్గా రాయడం నేర్చుకోవడానికి నాకు సగం జీవితం పైనే పట్టింది. ఆ గోడ ఒక్కదాన్ని మాత్రం తప్పుగానే ఉంచుకుంటాను.

ఎండాకాలంలో చేపముక్క పెట్టి, బోను పెట్టి, బూడిదరంగు దాన్ని ఎట్టకేలకు పట్టి పశువుల దవాఖానకు తీసుకెళ్లాం. ఇక ఈనకుండా ఆపరేషన్ చేసి, గుర్తు కోసం ఎడమ చెవి కొస కత్తిరించి పంపారు. మళ్లీ ఎవరూ పట్టి కోయకుండా ఉండడానికట. నేను డాక్టరుతో కొట్లాడాను, తర్వాత సరేనన్నాను. ఇంటికి వచ్చాక పది దినాలు నా మొహం చూడలేదు అది. ఇప్పుడూ చేయి చాపితే ఉమ్మేస్తుంది. తెల్లమచ్చది పెరిగి పెద్దదైంది. ఎండ అద్దాల మీద నుంచి వచ్చే వేళకు గోలెంలో పడుకుంటుంది. దాని ఈడువి ఎన్నో పోయాయి, రేపు దీనికి ఏమవుతుందో నాకు తెలియదు. ఈ రోజుకు ఉంది.

కొమ్ము చెరిపాక ట్యాంకరు మొదటిసారి వచ్చిన రోజు సంగతి చెప్పి ఆపుతాను. ఆయన కిటికీలోంచి తల బయట పెట్టి గోడను చదివాడు. నన్ను చూశాడు. మళ్లీ చదివాడు.

"అవ్వా, ఏందిది? మొన్న పిల్లులంటివి. ఇయ్యాల మళ్ల పిల్లలంటున్నవ్. ఇంతకు బండి కింద ఉన్నది పిల్లులా, పిల్లలా?"

"దిగి చూడు," అన్నాను.

గొణుక్కుంటూనే దిగాడు.